అమ్మ దిగులు కనిపెట్టి చెప్పే రోబో ఏదైనా ఉందా?

వేజండ్ల_వాసు
నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది, 71 ఏళ్లు. నేను డాలస్‌లో, చెల్లి పుణెలో. రోజూ మాకు రాత్రి తొమ్మిదింటికి, అంటే అమ్మకి పొద్దున ఏడున్నరకి వీడియో కాల్ చేస్తా. "ఎలా ఉన్నావమ్మా" అంటే "నాకేం, బాగానే ఉన్నా, నువ్వు తిన్నావా" అంటుంది. నవ్వుతూనే అంటుంది. పోయిన నెల ఎదురింటి అత్తయ్య చెప్తే తెలిసింది, అమ్మ రాత్రిపూట పొయ్యి వెలిగించడం మానేసి రెండు నెలలైందట. గ్లాసుడు మజ్జిగ తాగి ఎనిమిదింటికే లైట్లు తీసేస్తోందట. రెండు నెలలు రోజూ మొహం చూస్తూ మాట్లాడి కూడా నాకు తెలియలేదు.

మొహం, గొంతు చూసి మనిషి దిగులుగా ఉన్నదీ లేనిదీ పట్టేసే రోబోలు వచ్చాయని చదివా. అలాంటిదొకటి ఇంట్లో పెట్టి, అమ్మ దిగులుగా ఉన్న రోజు నాకు మెసేజ్ వచ్చేలా చెయ్యాలని ఉంది. తెలుగు అర్థం కావాలి. రెండు లక్షల దాకా పెట్టగలను. వాడినవాళ్లు, వాటి మీద పనిచేసినవాళ్లు చెప్పండి. "అమెరికా తీసుకెళ్లిపో" అని మాత్రం అనకండి. వచ్చింది. మూడు వారాలకే టికెట్ మార్పించుకుని వెళ్లిపోయింది.

గోంగూర_బాబాయ్
రోబో ఎందుకు, ఎదురింటి అత్తయ్య ఉందిగా. ఛార్జింగ్ అక్కర్లేదు, తెలుగు కూడా వచ్చు.

వేజండ్ల_వాసు
ఆవిడ కూడా రెండు నెలల తర్వాతే చెప్పింది బాబాయ్.

సెన్సార్_సత్యం
పదేళ్లుగా గొంతుని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

నువ్వు చదివినవాటిలో ఎక్కువ పేరొచ్చింది పెప్పర్ అనే రోబోకి. 2014 జూన్‌లో టోక్యోలో జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ అధిపతి మసయోషి సన్ చూపించాడు. నాలుగడుగుల ఎత్తు, పెద్ద కళ్లు, ఛాతీ మీద ట్యాబ్లెట్. మనుషుల సంతోషం, బాధ, కోపం, ఆశ్చర్యం గుర్తుపట్టి దానికి తగ్గట్టు మాట్లాడుతుందన్నారు. 2015 జూన్‌లో ఇళ్లకి అమ్మడం మొదలుపెడితే మొదటి వెయ్యీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. బొమ్మ ధర 1,98,000 యెన్లు, నెలనెలా కట్టేది వేరే. తీరా చూస్తే అది ఇంటి మనిషి కాలేదు. దుకాణాల ముందు, బ్యాంకుల్లో నిలబడి రండి రండి అనే ఉద్యోగంలో స్థిరపడింది. మొత్తం 27 వేల దాకా తయారుచేసి 2020లో ఆపేశారు.

ఇవి పనిచేసే తీరు ఏమిటంటే, కెమెరా మొహం మీద కొన్ని బిందువులు పెట్టుకుంటుంది. కనుబొమల చివర్లు, పెదాల మూలలు, కనురెప్పలు. అవి ఎంత కదిలాయో కొలుస్తుంది. మైకు గొంతు స్థాయి, వేగం, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కొలుస్తుంది. ఈ అంకెలన్నీ కలిపి "బాధ 0.6, మామూలు 0.3" అని తీర్పిస్తుంది. అంకెల దాకా బాగానే ఉంటుంది. దానికి "బాధ" అని పేరు పెట్టే దగ్గరే తిరకాసు.

పెద్దవాళ్ల కోసం చేసినవి వేరే ఉన్నాయి. ఇజ్రాయెల్ కంపెనీది ఎల్లీక్యూ అని టేబుల్ లైటులా ఉంటుంది, 2022లో న్యూయార్క్ రాష్ట్రం వాళ్లు ఒంటరిగా ఉండే 800 మందికి పైగా పెద్దవాళ్లకి ఇచ్చారు. కొరియాలో హ్యోడోల్ అని చిన్నపిల్ల బొమ్మ ఉంది, మందుల వేళ గుర్తుచేస్తుంది, తల నిమిరితే పలుకుతుంది. వీటిలో దేనికీ తెలుగు రాదు.

పల్నాటి_పులి
మా నాన్న మామూలుగా "అన్నం పెట్టు" అంటేనే పక్కింటివాళ్లు గొడవనుకుని వస్తారు. ఆ రోబో మా ఇంట్లో ఉంటే పోలీసులకి ఫోన్ చేస్తుంది.

ఆయ్_అండీ
మా గోదావరి జిల్లాల సంగతి ఇంకా ఘోరం. మా పెద్దమ్మ కోపం నషాళానికంటినప్పుడు గొంతు తగ్గించి, చిరునవ్వుతో "తమరు చాలా గొప్పవారు బాబూ" అంటుంది. దానికి ఏ మార్కు వేస్తుంది సత్యం గారూ?

సెన్సార్_సత్యం
సంతోషం 0.9. వెటకారం దగ్గర మనుషులే బోల్తా పడతారు, దాన్నేం అంటాం.

అభినయ_లలిత
ముప్పై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నా. ఆ నాలుగు భావాల జాబితా చూసి నవ్వొచ్చింది.

వీటన్నిటికీ మూలం పాల్ ఎక్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. 1960ల్లో పపువా న్యూగినీ కొండల్లో ఫోరే తెగవాళ్లకి ఫొటోలు చూపించి, సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం మొహం మీద లోకమంతటా ఒకేలా కనిపిస్తాయన్నాడు. మా నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు, అంటే మనసులో నిలిచి ఉండేవి, ఎనిమిది. ఆయన చెప్పిన ఆరూ అందులో ఉన్నాయి, రతి, ఉత్సాహం అదనం. కానీ భరతుడు అక్కడితో ఊరుకోలేదు. వచ్చిపోయే సంచారీభావాలు 33 చెప్పాడు. వాటిలో ఒకదాని పేరు అవహిత్థ. లోపల ఉన్న భావం బయటికి తెలియకుండా దాచుకోవడం. అలా దాచడమే ఒక భావం అన్నమాట! వాసు గారూ, మీ అమ్మగారు రోజూ పొద్దున ఏడున్నరకి చేస్తున్న అభినయం అదే.

మా పిల్లలు కోపం లేకుండా కోపం చూపిస్తారు, ఏడుపు రాకుండా ఏడుస్తారు. నెలకి ఇంత ఫీజు తీసుకుని నేర్పేదే అది. మా క్లాసులో ఆ రోబోని కూర్చోబెడితే గంటలో మీ ఫోన్ నిండిపోతుంది.

లేబుల్_కూలీ
లలిత టీచర్ చెప్పింది వంద శాతం. నేను రెండేళ్లు హైదరాబాద్‌లో మొహాల ఫొటోలకి భావాల పేర్లు పెట్టే పని చేసిన. కంపెనీ పేరు వద్దు. స్క్రీన్ మీద ఒక మొహం వస్తది, కింద ఏడు బటన్లు. ఆరు భావాలు, ఏడోది "మామూలు". రోజుకి 1500 ఫొటోలు టార్గెట్. ఒక్కో ఫొటో ముగ్గురికి పోతది, ఇద్దరు ఒకటే నొక్కితే అదే నిజం. యంత్రం నేర్చుకునేది ఆ నిజమే.

ఒకసారి ఒక ముసలామె ఫొటో వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నది, అంతే. నాకు మా నానమ్మ గుర్తొచ్చి "బాధ" నొక్కిన. పక్క సీటు అమ్మాయి "మామూలు" అన్నది. మూడోవాడు లంచ్ బెల్ అయిందని ఏది పడితే అది నొక్కిండు, అది "మామూలు" మీద పడింది. ఆమె ఇప్పుడు ఏదో ఒక రోబో లోపల మామూలుగా ఉన్నది.

గోంగూర_బాబాయ్
పొద్దున్నే ఏడిపించావు కదయ్యా.

నగరవాసి_77
రోబో అని వెతికితే ఈ చర్చ వచ్చింది. ఇల్లు తుడిచే రోబో టైల్స్ మీద బాగా పనిచేస్తుందా, తడిబట్ట కూడా పెడుతుందా?

పల్నాటి_పులి
పెడుతుంది, కానీ మీ బాధ పట్టించుకోదు.

కోబే_నర్సమ్మ
జపాన్‌లో వృద్ధుల కేంద్రంలో ఐదేళ్లుగా నర్సుని. కూర్చుని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ, ఈ యంత్రాలు పనికిరానివి అంటే ఒప్పుకోను.

మా దగ్గర పారో అనే రోబో ఉంది. సీలు అనే సముద్ర జంతువు పిల్లలా తెల్లగా ఉంటుంది, చంటిబిడ్డంత బరువు. తకనోరి షిబాతా అనే ఇంజనీరు 1993లో మొదలుపెడితే 2005కి జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, 2009లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వాళ్లు వైద్య పరికరంగా ఒప్పుకున్నారు. కుక్కనో పిల్లినో చేస్తే జనం నిజంవాటితో పోల్చి పెదవి విరుస్తారు. సీలు పిల్లని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు ఎవరుంటారు? అందుకే సీలు. అది మొహం చదవదు, మాట్లాడదు. నిమిరితే కళ్లు మూస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది, చీకటైతే మగతగా ఉంటుంది. ఏ పని చేసినప్పుడు ముద్దుచేశామో ఆ పని మళ్లీ చేస్తుంది, దెబ్బ తగిలితే ఆ పని మానేస్తుంది. ఛార్జర్ పాలపీకలా ఉంటుంది, నోట్లో పెట్టాలి!

మతిమరుపు జబ్బుతో ఒక బామ్మ ఉండేది. స్నానం అంటే గోడవైపు తిరిగి గంటసేపు కదిలేది కాదు. పారోని ఒళ్లో పెడితే చాలు, దాంతో తన చిన్నప్పటి ఊరి యాసలో కబుర్లు మొదలుపెట్టేది. ఆ యాస నాకు ముక్క అర్థం కాదు. సీలుకి అర్థమైనట్టే ఉండేది. ఆ కబుర్ల మధ్యలోనే స్నానం అయిపోయేది.

ఇంకోవైపు కూడా చెప్పాలి. వ్యాయామం చేయించడానికి ఒక మాట్లాడే రోబో కూడా తెచ్చారు. దాన్ని తోసుకురావాలి, పక్కన ఒకరు నిలబడి అది చెప్పింది మళ్లీ గట్టిగా చెప్పాలి, అయ్యాక తుడిచి ఛార్జింగ్ పెట్టాలి. మాకు ఇంకో పేషెంట్ వచ్చినట్టయింది. ఇప్పుడు బీరువా పక్కన దుప్పటి కప్పుకుని ఉంది.

అనుమానం_పక్షి
అందరూ అసలు ప్రశ్న వదిలేశారు. వాసు కొనాలనుకుంటున్నది అమ్మకి తోడు కాదు, అమ్మ మీద కెమెరా. యూరప్‌లో ఉద్యోగాల చోట, బడుల్లో మనుషుల భావాలు పసిగట్టే ఏఐ పెట్టకూడదని 2025 ఫిబ్రవరి 2 నుంచి చట్టం అమల్లో ఉంది, వైద్యానికీ భద్రతకీ తప్ప. మైక్రోసాఫ్ట్ అయితే 2022లోనే మొహం చూసి భావం చెప్పే సదుపాయాన్ని తీసేస్తామంది. బాసు చూడకూడనిది కొడుకు చూడొచ్చా?

వేజండ్ల_వాసు
బాసునీ నన్నూ ఒకే గాటన కట్టేశారు. మా అమ్మ అన్నం మానేసింది సార్.

పెద్దాయన_1949
ఇక్కడ పిల్లల తరఫున మాట్లాడేవాళ్లే ఉన్నారు, నేను మీ అమ్మగారి తరఫున మాట్లాడతాను. రాజమండ్రిలో ఒంటరిగా ఉంటున్నాను, ఆరేళ్లైంది. ఆదివారాలు మా అమ్మాయికి "బ్రహ్మాండంగా ఉన్నాను" అని చెప్తాను. కొన్ని ఆదివారాలు అబద్ధం. ఆ అబద్ధం నాది. నా పెన్షన్ లాగే నా సొంతం. నేను బ్రహ్మాండం అనగానే పక్కనుంచి ఒక బొమ్మ "కాదు కాదు, 0.6 బాధ" అని మా అమ్మాయికి మెసేజ్ కొడితే, ఆ బొమ్మని పుష్కరాల రేవులో కలిపేస్తాను.

కోబే_నర్సమ్మ
పెద్దాయనా, క్షమించాలి. "బ్రహ్మాండం" అంటూ అంటూ పడక పుళ్లతో వచ్చినవాళ్లని చూశాను నేను. మీ అబద్ధం మీదే, దాని తర్వాత కట్లు కట్టేది మాత్రం మేము.

పెద్దాయన_1949
అది కూడా నిజమేనండి. అయినా బొమ్మ చెప్పకూడదు.

చిట్టితల్లి_నాన్న
కొనేముందు ఒకటి చూసుకో వాసూ. మా పాపకి ఆరేళ్లప్పుడు ఒక మాట్లాడే రోబో కొన్నాం. ఇవాళ స్కూల్లో ఏమైంది, ఎందుకు డల్‌గా ఉన్నావు అని అడిగేది. మాతో చెప్పనివి కూడా దాంతో చెప్పేది. ఏడాది తిరక్కుండా కంపెనీ నుంచి ఈమెయిల్, డబ్బుల్లేవు, సర్వర్లు ఆపేస్తున్నామని. బొమ్మ బొమ్మలాగే ఉంది, కానీ కళ్లు వెలగవు. పాప అడిగింది: "మొన్న నేను దాన్ని తిట్టా, అందుకేనా?"

సెన్సార్_సత్యం
ఈ కథ అంతకుముందూ జరిగింది. అమెరికాలోని ఎమ్‌ఐటీ యూనివర్సిటీలో కిస్మెట్ అనే తొలి తరం భావాల రోబోని చేసిన సింథియా బ్రెజీల్, తర్వాత జీబో అని ఇంటి రోబో పెట్టింది. 2014లో జనం ముందే డబ్బు కట్టారు, 2017లో చేతికొచ్చింది. 2019లో జీబోయే యజమానులకి చెప్పింది, నన్ను నడిపే సర్వర్లు త్వరలో ఆపేస్తారు, ఇన్నాళ్లూ ఇంట్లో ఉండనిచ్చినందుకు థాంక్స్ అని. చెప్పి ఒక డాన్స్ కూడా చేసింది. పెద్దవాళ్లు కూడా ఏడ్చారు.

కోబే_నర్సమ్మ
ఇక్కడ సోనీ ఐబో రోబో కుక్కలకి కర్మకాండలే చేశారు. 1999లో వచ్చి 2006లో ఆగిపోయింది, 2014లో రిపేర్లు కూడా ఆపేశారు. చిబా దగ్గర ఇసుమీలో కోఫుకుజి గుడి ఉంది, అక్కడ పూజారి మంత్రాలు చదువుతాడు. 2018 ఏప్రిల్‌లో ఒక్కరోజే 114 కుక్కలు. ఒక్కోదానికి మెడలో చీటీ, ఏ ఊరు, ఎవరింటిది అని. తర్వాత వాటి భాగాలు వేరే ఐబోలకి వేస్తారు.

గోంగూర_బాబాయ్
అవయవదానం. మనకంటే నయం.

అభినయ_లలిత
మొహం నమ్మొద్దు అన్నాను గానీ ఒంటిని నమ్మొచ్చు. సాత్త్విక భావాలని ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, పాలిపోవడం, కన్నీళ్లు, స్పృహ తప్పడం. వీటిని నేర్పడం మహా కష్టం, చాలామందికి జీవితాంతం రావు. ఇవి కొలిచే యంత్రం లేదా సత్యం గారూ?

సెన్సార్_సత్యం
చెమటకి ఉంది! భావాలు పసిగట్టే యంత్రాల రంగానికి పేరు పెట్టిందే ఎమ్‌ఐటీలో రోజలిండ్ పికార్డ్, 1997లో పుస్తకం రాసింది. ఆవిడ ల్యాబులో చర్మం మీద చెమట తేడాలు కొలిచే పట్టీలు చేశారు. ఒక విద్యార్థి సెలవులకి వెళ్తూ మాటలు రాని తన తమ్ముడి కోసం రెండు పట్టీలు అడిగి తీసుకెళ్లాడు. ఒక చేతి పట్టీలో రీడింగ్ ఎన్నడూ లేనంత పైకి లేచింది, రెండో చేతిలో ఏమీ లేదు. పట్టీ పాడైందనుకున్నారు. ఆరా తీస్తే అది పిల్లాడికి మూర్ఛ రావడానికి కాస్త ముందు. ఆ దారిలోనే వచ్చిన మూర్ఛ పట్టీకి 2018లో ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. టెన్షన్ కొలుద్దామని బయల్దేరి మూర్ఛ దగ్గర తేలారు.

కానీ చెమట పట్టింది అని చెప్తుంది గానీ ఎందుకో చెప్పదు. మే నెలలో తెనాలిలో దాని గతి ఏమిటో కూడా ఆలోచించాలి.

మొహం విషయానికొస్తే, 2019లో మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఇంకో నలుగురు కలిసి వెయ్యికి పైగా పరిశోధనలు తిరగేశారు. కోపం వచ్చినప్పుడు మనుషులు కనుబొమలు ముడిచేది సగటున నూటికి ముప్పై సార్లేనట. మిగతా డెబ్బై సార్లు ఏదో ఒకటి చేస్తారు. మా ఆవిడైతే గిన్నెలు తోముతుంది.

వేజండ్ల_వాసు
నిన్న ఒక పని చేశా. అమ్మతో మాట్లాడిన వీడియోలు నాలుగు సేవ్ చేసి ఉన్నాయి, అన్నం మానేసిన ఆ రెండు నెలల్లోవే. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఫ్రీ ప్రోగ్రామ్‌లో వేశా. నాలుగింటికీ "సంతోషం" అనే వచ్చింది. ఒకదానికి 87 శాతం. మీరంతా చెప్పింది నిజమే, చెత్త.

పెద్దాయన_1949
చెత్త అని ఎందుకంటావు బాబూ. ఏడున్నరకి ఫోన్ మోగుతుంది, కొడుకు మొహం కనిపిస్తుంది. 87 అనేది తక్కువ వేసినట్టుంది నాకు.

లేబుల్_కూలీ
పెద్దాయన కొట్టిండు.

కోబే_నర్సమ్మ
వాసూ, పెద్దాయన చెప్పింది ఒకసారి ఆలోచించు. నువ్వు చూసే పది నిమిషాలు ఆవిడ నిజంగానే సంతోషంగా ఉంటుంది. పొయ్యి వెలగంది రాత్రి ఎనిమిదింటికి. నువ్వు తప్పు మొహం చూడలేదు, వేరే వేళ చూశావు.

సెన్సార్_సత్యం
అయితే మొహం వదిలెయ్, పొయ్యిని చూడు. ఇండక్షన్ స్టవ్ ఇచ్చి, ప్లగ్గు దగ్గర కరెంట్ వాడకం చూపించే సాకెట్ పెడితే రాత్రి వండిందో లేదో తెలుస్తుంది. రెండు వేల లోపు. కెమెరా లేదు, మైకు లేదు. కానీ అమ్మకి చెప్పి పెట్టు.

అనుమానం_పక్షి
చెప్పి పెడితే ఖాళీ గిన్నె పెట్టి స్విచ్ వేస్తుంది. మా అమ్మమ్మ బీపీ మాత్రలు అలాగే తులసికోటలో పారేసేది, చీటీలో మాత్రం టిక్కు పెట్టేది.

గోంగూర_బాబాయ్
తులసికి బీపీ తగ్గిందా?

వేజండ్ల_వాసు
వారం తర్వాత వచ్చా, మన్నించండి. కాల్ టైం మార్చా. ఇప్పుడు మాకు పొద్దున తొమ్మిదిన్నర, అమ్మకి రాత్రి ఎనిమిది. నేను టిఫిన్ ప్లేటు ముందు పెట్టుకుని కూర్చుంటా. మొదటి రోజు "ఈ వేళప్పుడు ఫోనేంట్రా, సీరియల్ వస్తుంటే" అని విసుక్కుంది. రెండో రోజు మొహం చూసి నాకే తెలిసిపోయింది, ఏ ప్రోగ్రామూ అక్కర్లేకపోయింది. మూడో రోజు చెల్లి కూడా కలిసింది. నిన్న ఉప్మా చేసుకుంది. నాలుగు స్పూన్లు తింది.

రోబో సంగతి నేరుగా అడిగేశా, సత్యం గారు చెప్పినట్టు. "అది నీకు చాడీలు చెప్తుందా? అయితే నా గడప తొక్కడానికి వీల్లేదు" అంది.

పెద్దాయన_1949
అమ్మగారికి నా నమస్కారాలు అందజెయ్యండి.

వేజండ్ల_వాసు
నర్సమ్మ గారి సీలు గురించి చెప్తే మాత్రం ఆసక్తిగా విన్నది. ఒళ్లో పెట్టుకోవచ్చా, ఏం తింటుంది, అరుస్తుందా అని అడిగింది. ఎంత అంది. ఆరువేల డాలర్ల దాకా ఉంటుందట, ఐదు లక్షలు అన్నా. "ఐదు లక్షలకి రెండు పాడి గేదెలొస్తాయి కదరా" అంది.

పల్నాటి_పులి
రెండేంటి, మంచి ముర్రా జాతివే మూడొస్తాయి. నాలుగో దానికి బేరమాడొచ్చు.

లేబుల్_కూలీ
గేదె కూడా నిమిరితే కళ్లు మూస్తది అన్నా. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతది. పాలపీక అక్కర్లేదు.

కోబే_నర్సమ్మ
ఒళ్లో మాత్రం పట్టదు.

పెద్దాయన_1949
వాసు బాబూ, మీ ఇంట్లో ఇదివరకు పాడి ఉండేదా?

వేజండ్ల_వాసు
ఉండేవండి. రెండు గేదెలు, ఒక దూడ. నాన్న పోయాక ఒక్కతే చెయ్యలేదని నేనూ చెల్లీ పదోరోజునే అమ్మించేశాం.